మేత్రాసనం: ఒక పాలనా పరిధి పుట్టుపూర్వోత్తరాలు

బిషప్ అధికారం నడిచే ప్రాంతాన్ని తెలుగు కతోలికులు మేత్రాసనం అంటారు. దక్షిణ ఇండియా సంఘం వారు అధ్యక్ష ఖండం అంటారు. మాటల్లో పడితే ఇద్దరూ డయాసిస్ అనే అంటారు. ఒకే వస్తువుకు మూడు పేర్లు ఉండటం భాషలో వింత కాదు. అయితే ఈ మూడు పేర్లూ మూడు దారుల్లో వచ్చాయి. ఆ దారులు పట్టుకుని వెనక్కి వెళితే, దాదాపు 1700 ఏళ్ళుగా పూర్తిగా తెగని ఒక ప్రశ్న దగ్గరికి చేరతాం. ఒక సమూహాన్ని పాలించేటప్పుడు దాన్ని నేలనుబట్టి గుర్తించాలా, మనుషులనుబట్టి గుర్తించాలా? బళ్ళారిలో, బరంపురంలో, హోసూరులో, నాగపూరులో, యానాంలో తరతరాలుగా ఉంటున్న తెలుగువారికి ఈ ప్రశ్న తెలియనిది కాదు. ఒక పాత సంస్థ దానికి ఏయే కాలాల్లో ఏయే జవాబులు చెప్పిందో పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం. మతసిద్ధాంతాల చర్చ ఇక్కడ చేయబోవటం లేదు.

ఇల్లు అనే మాట నుంచి

గ్రీకులో 'ఓయికోస్' అంటే ఇల్లు. 'డియోయికేసిస్' అంటే ఇంటి వ్యవహారం నడపటం. ఇల్లు నడపటం నుంచి ఖజానా నడపటం, అక్కడి నుంచి ఒక ప్రాంతపు పాలన నడపటం అనే అర్థాలు వచ్చాయి. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దిలో సిసిరో తన ఉత్తరాల్లో ఈ మాటను ఆసియా మైనరులోని కొన్ని జిల్లాలకు వాడాడు. అప్పటికి క్రైస్తవమే లేదు. అంటే ఇది పుట్టుకతో మతానికి సంబంధించిన మాట కాదు, రెవెన్యూ కచేరీకి సంబంధించిన మాట.

క్రీ.శ. 284 నుంచి 305 వరకు రోమును ఏలిన డయోక్లీషియన్ సామ్రాజ్యాన్ని చిన్న చిన్న రాష్ట్రాలుగా విడగొట్టాడు. సుమారు 50 ఉన్న రాష్ట్రాలు 100 దాకా పెరిగాయి. వాటిని 12 కూటాలుగా చేర్చి ఒక్కొక్క కూటాన్ని డయాసిస్ అన్నారు. దానిపై ఉండే అధికారిని 'వికారియుస్' అన్నారు. 'బదులుగా పనిచేసేవాడు' అని ఆ మాటకు అర్థం. ఈనాటి వికార్ అనే మాట అదే. డయోక్లీషియన్ పేరు మీదనే డయాసిస్ అనే మాట వచ్చిందని కొందరు అనుకుంటారు. అది ధ్వనిసామ్యం మాత్రమే. ఆయన పుట్టటానికి ఎంతో ముందే ఆ మాట ఉంది. పైగా క్రైస్తవులను తీవ్రంగా హింసించిన చక్రవర్తుల్లో ఆయన ఒకడు. ఆయన గీసిన పటమే తరువాత చర్చి పాలనకు ఆధారం కావటం చరిత్రలోని విచిత్రం.

తొలినాటి క్రైస్తవులు తమ స్థానిక సంఘాన్ని డయాసిస్ అనలేదు, 'పరోయికియా' అన్నారు. ఇందులోనూ 'ఓయికోస్' ఉంది. 'పర' అంటే పక్కన. సొంత ఊరు కాని చోట, పౌరహక్కు లేకుండా, ఊరివారి పక్కన కాపురముండే పరాయివాళ్ళ సమూహమని దీని భావం. మన భాషలో చెప్పాలంటే ప్రవాసుల గుంపు. లోకంలో తమకు శాశ్వత నివాసం లేదని నమ్మినవారు ఏరికోరి పెట్టుకున్న పేరది. మొదటి కొన్ని శతాబ్దాలు బిషప్ అధీనంలోని మొత్తం సంఘానికి ఇదే పేరు. తరువాత పడమటి దేశాల్లో క్రమంగా డయాసిస్ అనే మాట బిషప్ పరిధికి స్థిరపడింది. పరోయికియా ఒక మెట్టు దిగి, ఒక్క గురువు చూసుకునే ఊరి సంఘానికి పేరైంది. ఇంగ్లీషు మాట పారిష్ అదే. పరాయివాళ్ళ గుంపు అనే మాట చివరికి పుట్టి పెరిగిన ఊరి గుడి అనే అర్థానికి వచ్చింది. పరాయి ప్రాంతంలో స్థిరపడిన ఏ సమూహం చరిత్రనైనా ఈ ఒక్క మాట అర్థపరిణామంలో చూసుకోవచ్చు.

బిషప్ అనే మాటకు మూలం 'ఎపిస్కోపోస్'. 'ఎపి' అంటే పైన, 'స్కోపోస్' అంటే చూసేవాడు. పైనుండి కనిపెట్టి చూసేవాడని అర్థం. తెలుగు బైబిలు అనువాదకులు దీనికి 'అధ్యక్షుడు' అని వాడారు. సంస్కృతంలో 'అధి' అంటే పైన, 'అక్ష' అంటే కన్ను. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఒక్కొక్క శాఖను పర్యవేక్షించే అధికారికి ఈ పేరే ఉంది. గ్రీకు మాట నిర్మాణానికి ఇంతకంటె సరిగ్గా సరిపోయే మాట దొరకటం కష్టం. మేత్రాసనం కథ వేరు. గ్రీకులో 'మెట్రోపోలిటేస్' అంటే రాష్ట్రపు ముఖ్య నగరంలోని బిషప్. ఆ మాట సిరియాక్ భాష ద్వారా కేరళకు వచ్చి మలయాళంలో 'మెత్రాన్' అయింది. తమిళంలోనూ దీనికి సోదరరూపం ఉంది. తెలుగులోని మేత్రాణులు, మేత్రాసనం ఆ కుటుంబంలోనివే. గ్రీకులో ముఖ్య నగరపు బిషప్‌కే చెందిన బిరుదు మన వైపు వచ్చేసరికి బిషప్‌లందరికీ చెందింది. చివరనున్న 'ఆసనం' మాత్రం ఎక్కడైనా ఒకటే. లాటిన్ 'సేదెస్', గ్రీకు 'కథేద్ర', మన 'పీఠం', అన్నీ కూర్చునే చోటునే చెబుతాయి. బిషప్ కుర్చీ ఉన్న గుడే కథీడ్రల్.

చక్రవర్తి గీత, బిషప్ గీత

రెండో శతాబ్ది మొదట్లో అంతియొకయ ఇగ్నేషియస్ రాసిన ఉత్తరాల నాటికి ఒక నగరానికి ఒక బిషప్, ఆయనకు తోడుగా పెద్దలు, పరిచారకులు అనే పద్ధతి కనిపిస్తుంది. పరిధి అంటే అప్పటికి నగరమూ, దాని చుట్టుపక్కల పల్లెలూ. క్రీ.శ. 325లో నికేయ సభ కొత్త బిషప్‌ను ఆ రాష్ట్రపు బిషప్‌లందరూ కలిసి నియమించాలనీ, కనీసం ముగ్గురైనా హాజరు కావాలనీ నిర్ణయించింది. ఒకే నగరంలో ఇద్దరు బిషప్‌లు ఉండరాదన్నది. 343లో సార్దికా సభ చిన్న ఊళ్ళకూ పల్లెలకూ బిషప్‌ను ఇవ్వవద్దంది. ఇస్తే ఆ పేరుకు విలువ తగ్గుతుందని కారణం చెప్పింది. ఈ నియమాలన్నీ రోమను నగరాలూ రాష్ట్రాలూ అనే చట్రంలోనే రాసుకున్నవి.

మరి ఆ చట్రాన్నే ప్రభుత్వం మార్చేస్తే? క్రీ.శ. 372 ప్రాంతంలో చక్రవర్తి వాలెన్స్ కప్పదోకియ రాష్ట్రాన్ని రెండుగా చీల్చాడు. పాత రాజధాని కైసరియలో బిషప్ బాసిల్. కొత్త రాష్ట్రానికి త్యానా ముఖ్య నగరమైంది. అక్కడి బిషప్ ఆంథిముస్ వెంటనే తాను కూడా ముఖ్య నగరపు బిషప్‌నేననీ, కొత్త రాష్ట్రంలోని సంఘాలన్నీ తనవేననీ అన్నాడు. రాజు చీల్చినంత మాత్రాన సంఘం చీలదని బాసిల్ వాదం. వివాదంలో సిద్ధాంతం ఒక్కటే లేదు, రాబడి కూడా ఉంది. కొండ ప్రాంతపు గుడి నుంచి కైసరియకు వచ్చే సరుకులకు దారిలో ఆటంకం ఏర్పడింది. తన పట్టు నిలుపుకోవటానికి బాసిల్ కొత్త పీఠాలు సృష్టించాడు. వాటిలో ఒకటి సాసిమా. మూడు దారులు కలిసే ఒక మజిలీ అది. దుమ్ము, బళ్ళ రొద తప్ప అక్కడ ఏమీ లేదు. ఆ పీఠానికి తన ప్రాణస్నేహితుడు, గొప్ప వక్త అయిన నజియాంజు గ్రెగరీని నియమించాడు. గ్రెగరీ అక్కడ నిలవలేదు. సరిహద్దు తగాదాలో తనను పావుగా వాడుకున్నాడనే బాధ ఆయన రాతల్లో చివరిదాకా ఉంది.

451లో కాల్సిడన్ సభ ఈ రకం తగాదాలకు ఒక నియమం చేసింది. చక్రవర్తి కొత్తగా నగరాన్ని ఏర్పరిస్తే చర్చి పరిధులు కూడా ప్రభుత్వ పరిధులను అనుసరించాలి. అయితే ఒక పల్లె సంఘం 30 ఏళ్ళపాటు ఏ బిషప్ అధీనంలో వివాదం లేకుండా ఉంటే, అది ఆయనకే చెందాలి. మొదటి భాగం రాజ్యపు గీతకు విలువ ఇచ్చింది. రెండో భాగం అలవాటైన బంధానికి విలువ ఇచ్చింది. తరువాతి శతాబ్దాల సరిహద్దు వాదాల్లో ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి. 1790లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం సుమారు 135 పీఠాలను 83కు తగ్గించి, కొత్తగా గీసిన జిల్లాలకు సరిపెట్టింది. అది మొదటి వాదానికి పరాకాష్ఠ. దానిపై దేశం రెండుగా చీలింది.

భాష అడ్డు వచ్చినప్పుడు

ఉత్తర ఆఫ్రికాలో హిప్పో నగరపు బిషప్ ఆగస్టీన్ లాటిన్‌లో పండితుడు. ఆయన పరిధిలోని ఫుస్సాలా అనే చిన్న ఊరు నగరానికి 40 మైళ్ళ దూరంలో ఉంది. అక్కడివారి భాష ప్యూనిక్. అంత దూరం నుంచి చూసుకోవటం తన వల్ల కాదని ఆయన గ్రహించాడు. క్రీ.శ. 411 తరువాత ఫుస్సాలాను వేరు చేసి కొత్త పీఠం చేశాడు. దానికి ప్యూనిక్ తెలిసిన మనిషి కోసం వెదికాడు. నియమించదలచిన వ్యక్తి చివరి నిమిషంలో ఒప్పుకోలేదు. చేతికందిన ఆంటోనినుస్ అనే యువకుణ్ణి నియమించాడు. భాష వచ్చింది గాని నడత బాగులేదు. జనాన్ని పీడించాడు, ఆస్తులు లాక్కున్నాడు. ఫిర్యాదులు రోముదాకా వెళ్ళాయి. తాను చేసిన నియామకానికి ఎంత కుమిలిపోయాడో ఆగస్టీన్ పోపుకు రాసిన ఉత్తరంలో ఉంది.

జనానికి తమ భాష తెలిసిన పాలకుడు అవసరమని ఆ కాలంలోనే గుర్తించారనటానికి ఈ ఉదంతం మంచి సాక్ష్యం. భాష తెలియటమొక్కటే చాలదనటానికి కూడా ఇదే సాక్ష్యం.

1215లో నాలుగో లాటెరన్ సభ ఈ విషయమై స్పష్టంగా మాట్లాడింది. ఒకే నగరంలో, ఒకే డయాసిస్‌లో వేరువేరు భాషలవారూ ఆచారాలవారూ కలిసి ఉంటే, వారి వారి భాషల్లో పూజ చేయించగలవారిని అక్కడి బిషప్ ఏర్పాటు చేయాలి. అవసరమైతే ఆ జనానికి చెందిన ఒక ప్రతినిధిని తన కింద నియమించుకోవాలి. కాని ఒక చోట ఇద్దరు బిషప్‌లు మాత్రం కూడదు, ఒక మొండేనికి రెండు తలలు ఉన్నట్టు అవుతుందన్నది. నేల ఒక్కరిదే, భాషలు ఎన్నైనా ఉండవచ్చు. మధ్యయుగం చెప్పిన జవాబు ఇది.

ఇంతకీ డయాసిస్ చేసే పని ఏమిటి? గురువులను నియమించటం, అభిషేకించటం, సంఘాలను తనిఖీ చేయటం మొదటినుంచీ ఉన్న పనులు. 318లో కాన్‌స్టాంటైన్ చట్టం కక్షిదారులు వ్యాజ్యాన్ని బిషప్ ముందు పెట్టుకోవటానికి అవకాశమిచ్చింది. అప్పటి నుంచి న్యాయస్థానపు పని కూడా చేరింది. ఇంగ్లండులో పెళ్ళిళ్ళూ వీలునామాలూ 1857 చట్టాల దాకా చర్చి కోర్టుల్లోనే తేలేవి. 1563లో ట్రెంట్ సభ ప్రతి పీఠానికీ గురువిద్యాలయం ఉండాలనీ, బిషప్ తన పరిధిలోనే నివసించాలనీ, పెళ్ళిళ్ళకు పుస్తకం పెట్టాలనీ శాసించింది. చరిత్ర విద్యార్థికి ఈ చివరిదే అన్నిటికంటె విలువైనది. దాని సంగతి చివర చూద్దాం.

మన దేశంలో

1329లో కొల్లం పీఠంతో లాటిన్ బిషప్ పరిధి మన దేశంలో అడుగుపెట్టింది. 1534లో గోవా పీఠం ఏర్పడింది. పేరుకు గుడ్‌హోప్ అగ్రం నుంచి చైనా దాకా దాని పరిధి. 1606లో ఏర్పడిన మైలాపూరు పీఠం కోరమాండల్ తీరంతోబాటు బెంగాలును కూడా చూసుకోవలసి వచ్చింది. పీఠాలపై పోర్చుగల్ రాజుకు పోషకహక్కు ఉండేది. ఆ హక్కుతో తగాదా లేకుండా పని నడవాలని, 1622లో రోములో ఏర్పడిన మతప్రచార శాఖ డయాసిస్‌లకు బదులు 'వికారియేట్'లు ఏర్పాటు చేసింది. డయోక్లీషియన్ అధికారి పేరే మళ్ళీ వచ్చింది. 1886లో పోపు 13వ లియో మన దేశపు వికారియేట్లను మామూలు డయాసిస్‌లుగా మార్చాడు. విశాఖపట్నం, హైదరాబాదు ఆ ఏడే డయాసిస్‌లయ్యాయి.

విశాఖపట్నం పటాన్ని ప్రవాసాంధ్ర విద్యార్థులు ప్రత్యేకంగా చూడాలి. 1846లో ఫ్రెంచి మాట్లాడే సవాయ్ ప్రాంతం నుంచి మిషనరీలు అక్కడికి వచ్చారు. 1850లో అది వికారియేట్ అయింది. ఒకప్పుడు మధ్యభారతంలోని నాగపూరూ, ఒడిశాలోని కటకమూ దాని కిందివే. 1887లో నాగపూరు వేరైంది. 1928లో కటకం వేరై, 1937లో డయాసిస్ అయింది. తెలుగు, ఒరియా, మరాఠీ, హిందీ ప్రాంతాలకు ఒకే పీఠం ఉన్న ఆ కాలంలో, ఆ పటాన్ని గీసింది భాష కాదు. మిషనరీల సంఖ్య, ఓడరేవు, రహదారి గీశాయి. నెల్లూరు 1928లో, బెజవాడ 1937లో, గుంటూరు 1940లో, వరంగల్లు 1952లో పీఠాలయ్యాయి. అలా తెలుగు ప్రాంతంలో పీఠాలు దగ్గరదగ్గరగా వచ్చాయి.

ఆంగ్లికన్ల దారి వేరు. కంపెనీ చార్టరును పార్లమెంటు 1813లో పొడిగించిన తరువాత 1814లో కలకత్తా పీఠం ఏర్పడింది. 1824 తరువాత కొంతకాలం ఆస్ట్రేలియా కూడా దాని కిందే ఉంది. మద్రాసు పీఠం 1835లో వచ్చింది. ఇవి ప్రభుత్వపు గీతలు. నిజాం రాజ్యంలోని దోర్నకల్ మాత్రం ఈ కోవలోకి రాదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వి.ఎస్. అజరయ్య దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. ఆయనది తిరునెల్వేలి జిల్లా, మాతృభాష తమిళం. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించుకున్న మిషనరీ సంఘం తరఫున తెలుగుదేశంలో పని మొదలుపెట్టి, తెలుగు నేర్చుకుని, 1945లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. మొదట చిన్నదిగా ఉన్న ఆ ఖండంలో తరువాత బ్రిటిష్ పాలనలోని కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా చేరాయి. అంటే 1956 నవంబరు 1కి ఎంతో ముందే నిజాం తెలుగువారూ మద్రాసు రాష్ట్రపు తెలుగువారూ ఒక పాలన కిందికి వచ్చారు. ఆ పాలకుడు తమిళుడు. ఫుస్సాలా ఉదంతం పక్కన దీన్ని పెట్టి చూడాలి.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లూ, మెథడిస్టులూ, మరికొన్ని సంఘాలవారూ కలిసి 14 ఖండాలతో దక్షిణ ఇండియా సంఘం ఏర్పరచుకున్నారు. నంద్యాల ఆంగ్లికన్లు చాలామంది అప్పుడు చేరలేదు, 1975లో చేరారు. మెదక్‌లో 1924లో ప్రతిష్ఠ జరిగిన మహా దేవాలయాన్ని కట్టింది బ్రిటిష్ మెథడిస్టులు. వారికి బిషప్‌లు లేరు. అందువల్ల 1947లో మెదక్ అధ్యక్ష ఖండం ఏర్పడిన తరువాతనే ఆ గుడి అసలు అర్థంలో కథీడ్రల్ అయింది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బాప్టిస్టులు ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రమనే పద్ధతి పాటించారు కనుక వారికి ఈ పరిధుల అవసరమే రాలేదు. తెలుగు క్రైస్తవులందరికీ డయాసిస్ ఉందనుకోవటం పొరపాటు.

నేటి పటం

2014లో రాష్ట్రం రెండైనప్పుడు కాల్సిడన్ నియమంలోని రెండో భాగమే పనిచేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న కర్నూలు, కడప పీఠాలు తెలంగాణలో ఉన్న హైదరాబాదు అగ్రపీఠం కిందనే కొనసాగాయి. ఆ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ దళితుల్లోనూ ఆ హోదా పొందిన మొదటివారు ఆయనే.

2017లో మరొక కొత్త సంగతి జరిగింది. కేరళ నుంచి దేశమంతటా వెళ్ళి స్థిరపడిన సిరో మలబారు ఆచారంవారి కోసం హైదరాబాదు పక్కన శంషాబాదు కేంద్రంగా ఒక పీఠం ఏర్పాటైంది. అప్పటిదాకా ఆ ఆచారానికి చెందిన ఏ పీఠం కిందా లేని భారతదేశ భాగమంతా అప్పుడు దాని పరిధి అయింది. ఒకే నేల మీద లాటిన్ బిషప్, సిరో మలబారు బిషప్ ఇద్దరూ ఉంటారు. 1215లో రెండు తలల మొండెం అన్నదానికే ఇప్పుడు ఆమోదం వచ్చింది. ప్రవాసుల సమూహం అనే పరోయికియా పాత అర్థం ఇక్కడ మళ్ళీ తల ఎత్తింది.

ఇతర రాష్ట్రాల్లోని తెలుగు కతోలికులది లాటిన్ ఆచారమే. వారిని పక్కవారి నుంచి వేరు చేసేది భాష మాత్రమే. భాష ఆధారంగా పీఠం రాదు గాని, విచారణ రావచ్చు. 1983 నాటి చర్చి చట్టంలో 518వ నిబంధన ప్రకారం విచారణ సాధారణంగా ప్రాంతాన్ని బట్టి ఉంటుంది, అవసరమైతే ఆచారం, భాష, జాతీయతలను బట్టి కూడా ఏర్పరచవచ్చు. తెలుగు కతోలికులు పారిష్‌ను 'విచారణ' అనటం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఎపిస్కోపోస్ అనే మాటలోని 'కనిపెట్టి చూడటం' అనే భావం మన భాషలో ఊరి గుడి దాకా దిగి వచ్చింది. ఒక పట్టణంలో తెలుగు పూజ వారానికొకసారి ఉంటుందా, నెలకొకసారి ఉంటుందా, అసలు ఉండదా అనేది అక్కడి బిషప్ నిర్ణయం. అది జనాభా లెక్క మీదా, అడిగేవారి పట్టుదల మీదా ఆధారపడుతుంది. పూజ పోతే పాటల పుస్తకం పోతుంది, దానితో పిల్లలకు తెలుగు అక్షరాలు చూసే ఒక సందర్భం పోతుంది. బడిలో తెలుగు మాధ్యమం లేని చోట ఇది చిన్న నష్టం కాదు.

ఇక రిజిస్టర్ల సంగతి. చర్చి చట్టం ప్రకారం ప్రతి విచారణలోనూ జ్ఞానస్నానాల, వివాహాల, మరణాల పుస్తకాలు ఉండాలి. ఎవరికైనా వేరే ఊళ్ళో పెళ్ళి జరిగితే, ఆ సమాచారం జ్ఞానస్నానం జరిగిన విచారణకు పంపాలి. అక్కడ ఆ వ్యక్తి పేరు ఉన్న వరుసలో దాన్ని నమోదు చేయాలి. అందువల్ల గుంటూరు జిల్లా పల్లెలోని ఒక పాత పుస్తకంలో, ఒక పేరు పక్కన, ఖరగ్‌పూరో కోలారో కనిపించవచ్చు. వలస వెళ్ళినవారు ఏ దశాబ్దంలో వెళ్ళారు, ఎక్కడ సంబంధాలు చేసుకున్నారు, ఇంటిపేరును ఏ లిపిలో ఎలా రాయించుకున్నారు అనే ప్రశ్నలకు జనాభా లెక్కల కంటె ఇవే వివరంగా జవాబు చెప్పగలవు. ఇవి వ్యక్తుల సొంత వివరాలు కనుక విచారణ గురువు అనుమతి లేకుండా చూడరాదు, పేర్లు బయటపెట్టరాదు. ఆ జాగ్రత్త పాటిస్తూ, మీ పట్టణంలోని ఒక్క విచారణలో ఒక్క పుస్తకం ఏ భాషలో మొదలై ఏ ఏడు ఏ భాషలోకి మారిందో గుర్తించగలిగినా, ఒక పరిశోధనకు చాలినంత సామగ్రి మీ చేతిలో ఉన్నట్టే.